కిలోమీటరును ఎవరి కాళ్లతో కొలవాలి?

మన కథల్లో బడిపంతులు కనిపించినంతగా బడిదూరం కనిపించదు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ పొరుగుబడిని సిఫారసు చేసింది. ఆసామి కొడుకూ కూలివాని కొడుకూ ఒకే బల్ల మీద కూర్చోవాలన్నది దాని సారం. 2009 విద్యాహక్కు చట్టం కింద వచ్చిన నిబంధనల్లో పొరుగు అంటే దూరం: ఐదో తరగతి దాకా కిలోమీటరు, ఎనిమిది దాకా మూడు. ఎవరితో కలిసి చదవాలన్న ప్రశ్న వెనక్కి పోయింది. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లన్నది అతుకు మాత్రమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2022 జూన్‌లో వచ్చిన 117వ జీవో ఆ కిలోమీటరునే తిరగేసింది. 3, 4, 5 తరగతుల్ని కిలోమీటరు లోపలి ఉన్నత పాఠశాలల్లో కలపమంది. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నారు. అందులో నిజం లేకపోలేదు. ఒక్క పంతులు ఐదు తరగతులు నెట్టుకొచ్చే బడిలో చదువెంతో నాకు తెలుసు. అయినా తల్లిదండ్రులు బడిగేట్ల ముందు బైఠాయించారు. ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటాలి, చెల్లెలేమో పాత బడిలోనే. ఇద్దర్నీ దింపి వచ్చేసరికి తల్లికి ఆ పూట కూలి పోతుంది. ఈ లెక్క జీవోలో లేదు. 2025లో దాన్ని రద్దు చేశారు.

మా యాప్రాల్ పక్కనే సైనిక భూములు. కంటోన్మెంటు రోడ్డుకు గేటు పడితే మ్యాపులో దగ్గరున్నది కాళ్లకు దూరమవుతుంది. మూసిన రోడ్లు తెరవమని 2018లో రక్షణశాఖే ఆదేశించవలసి వచ్చింది. ఇక అపార్టుమెంటు పిల్లలకు ఏ పరిధీ లేదు, పచ్చబస్సు గేటు దగ్గరికే వస్తుంది. హద్దు తగాదా సర్కారుబడి తప్ప గతిలేని వాళ్లది. అందుకే అది పత్రికల్లో జిల్లా పేజీ దాటి రావడం అరుదు.