నిఖత్ జరీన్

నిఖత్ జరీన్ (జననం: 1996 జూన్ 14) తెలంగాణ రాష్ట్రంలోని నిజామాబాదుకు చెందిన మహిళా బాక్సరు. 2022లో ఇస్తాంబుల్‌లోను, 2023లో కొత్త ఢిల్లీలోను జరిగిన ప్రపంచ మహిళా బాక్సింగు పోటీలలో ఈమె స్వర్ణ పతకాలు గెలుచుకొంది. ఒకటికి మించి ప్రపంచ టైటిళ్ళు సాధించిన భారతీయ బాక్సర్లలో మేరీ కోమ్ తరువాతి స్థానం ఈమెదే. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో స్వర్ణం, 2023లో హాంగ్‌జౌ నగరంలో జరిగిన ఆసియా క్రీడలలో కాంస్యం పొందింది. 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో భారతదేశానికి ప్రాతినిధ్యం వహించింది.

పతకాల పట్టికను మాత్రమే చూచిన పాఠకునికి ఈమె క్రీడా జీవితం సాఫీగా సాగినట్లు కనిపిస్తుంది. వాస్తవంలో అది 50 కిలోలకు, 52 కిలోలకు మధ్య నడిచిన కథ. ఏ సంవత్సరంలో ఏ బరువు విభాగానికి ఒలింపిక్ క్రీడలలో చోటున్నది, ఆ విభాగంలో భారతదేశం తరఫున వెళ్ళే ఒక్క స్థానం ఎవరికి దక్కుతుంది అనే రెండు ప్రశ్నలే ఆమె జయాపజయాలను చాలావరకు నిర్ణయించాయి.

బాల్యం, శిక్షణ

నిఖత్ నిజామాబాదులో మహమ్మద్ జమీల్ అహ్మద్, పర్వీన్ సుల్తానా దంపతులకు జన్మించింది. నలుగురు అక్కచెల్లెళ్ళలో ఈమె మూడవది. తండ్రి యౌవనంలో ఫుట్‌బాల్, క్రికెట్ ఆడినవాడు. కొంతకాలం సౌదీ అరేబియాలో ఉద్యోగం చేసి, కుమార్తెల చదువు, ఆటల కొరకు తిరిగి నిజామాబాదు చేరుకొన్నాడు. నిఖత్ మొదట పరుగు పందాలలో సాధన చేసింది. మైదానంలో అన్ని ఆటలలోను బాలికలు కనిపిస్తున్నా బాక్సింగులో మాత్రం ఒక్కరూ లేకపోవడం చూచి తాను ఆ ఆటవైపు మళ్ళినట్లు ఆమె పలు సందర్భాలలో చెప్పింది. అప్పటికి ఆమె వయసు పదమూడేళ్ళు.

నిజామాబాదులో బాక్సింగు నేర్పుతున్న షంసముద్దీన్ ఆమెకు తొలి గురువు. ఈయన కుమారుడు మహమ్మద్ హుసాముద్దీన్ కూడా పేరొందిన బాక్సరే. హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడలలోను, 2023 ప్రపంచ పోటీలలోను కాంస్య పతకాలు పొందాడు. ఒక జిల్లా కేంద్రంలోని ఒకే గురువు వద్ద ప్రారంభించి ఇద్దరు ప్రపంచ పతక విజేతలు కావడం గమనింపదగిన విషయం. సాధనలో తోడుగా బాలికలు లేనందున నిఖత్ బాలురతోనే తలపడవలసి వచ్చింది. ఆడపిల్లకు ఈ ఆట ఎందుకని, ముఖం మీద దెబ్బలు పడితే పెళ్ళి ఎలా జరుగుతుందని బంధువులు, ఇరుగుపొరుగువారు అభ్యంతరాలు చెప్పినా తండ్రి లెక్కచేయలేదు.

2009లో ఆమె విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో చేరి ఐ. వెంకటేశ్వరరావు వద్ద శిక్షణ పొందింది. వెంకటేశ్వరరావు 2011లో ద్రోణాచార్య పురస్కారం అందుకొన్నాడు. 2010లో ఈరోడులో జరిగిన జాతీయ పోటీలలో నిఖత్ ఉత్తమ బాక్సరుగా ఎంపికైంది. మరుసటి సంవత్సరం టర్కీలోని అంటాల్యాలో జరిగిన ప్రపంచ జూనియర్, యువజన మహిళా పోటీలలో, ఫైనలులో ఆతిథ్య దేశానికి చెందిన ఉల్కు డెమిర్‌ను 27-16 తేడాతో ఓడించి స్వర్ణం గెలిచింది. అప్పటికి ఆమె వయసు పదిహేనేళ్ళు కూడా నిండలేదు.

ఇచ్చట అంకెల గురించి ఒక మాట చెప్పవలసి ఉన్నది. ఆ రోజులలో తగిలిన దెబ్బలను లెక్కించి పాయింట్లు ఇచ్చేవారు కనుక 27-16 వంటి ఫలితాలు వచ్చేవి. 2013 నుండి పది పాయింట్ల పద్ధతి అమలులోకి వచ్చింది. ఈ పద్ధతిలో ప్రతి రౌండులోను పైచేయి సాధించినవారికి 10, రెండవవారికి 9 లేదా అంతకు తక్కువ ఇస్తారు. ఐదుగురు జడ్జీలు వేర్వేరుగా లెక్క వేస్తారు. 5-0 అంటే ఐదుగురూ ఒకరినే విజేతగా భావించారని మాత్రమే అర్థం. 5-0 ఫలితం కూడా హోరాహోరీ పోరు అయి ఉండవచ్చును. దినపత్రికలు ప్రతి 5-0నూ ఏకపక్ష విజయంగా వ్రాయడం వలన ఈ ఆట గురించి పాఠకులలో కొంత అపోహ ఏర్పడింది.

2013లో బల్గేరియాలో జరిగిన ప్రపంచ యువజన పోటీలలో రజతం, 2014 జనవరిలో సెర్బియాలోని నోవి సాద్ నగరంలో జరిగిన నేషన్స్ కప్‌లో స్వర్ణం గెలుచుకొంది. 2017లో విశ్వవిద్యాలయాల పోటీలో భుజం కీలు తప్పడంతో సుమారు ఒక సంవత్సరం ఆటకు దూరమైంది. 2018లో బెల్‌గ్రేడ్‌లోను, 2019 ఫిబ్రవరిలో సోఫియాలో జరిగిన స్ట్రాంజా స్మారక పోటీలోను స్వర్ణాలు గెలిచి తిరిగి నిలదొక్కుకొంది. అదే సంవత్సరం బ్యాంకాక్‌లో ఆసియా పోటీలలో కాంస్యం పొందింది.

బరువు విభాగాలు

మహిళల బాక్సింగును ఒలింపిక్ క్రీడలలో మొదటిసారి 2012లో లండన్‌లో ప్రవేశపెట్టారు. అప్పుడు మూడే విభాగాలు ఉండేవి: 51, 60, 75 కిలోలు. ప్రపంచ పోటీలలో పది విభాగాలు ఉంటే, ఒలింపిక్ క్రీడలలో మూడు మాత్రమే. తక్కువ బరువు గల బాక్సర్లు అందరికీ 51 కిలోల విభాగమే దారి. మేరీ కోమ్ సహజంగా 46, 48 కిలోల బాక్సరు. ఆమె ఆరు ప్రపంచ టైటిళ్ళలో ఒక్కటి కూడా 51 కిలోలలో గెలిచినది కాదు. ఒలింపిక్ క్రీడల కొరకే ఆమె 51 కిలోలకు మారి లండన్‌లో కాంస్యం గెలుచుకొంది. టోక్యోలో విభాగాలు ఐదుకు పెరిగినా 51 కిలోలే కనిష్ఠ విభాగంగా మిగిలింది. ఒక దేశం నుండి ఒక్కో విభాగంలో ఒక్కరికే ప్రవేశం. నిఖత్ తన సహజమైన బరువులో ఎదిగి వచ్చేసరికి ఆ ఒక్క స్థానంలో దేశంలోనే అత్యంత ప్రఖ్యాతి గల బాక్సరు ఉన్నది.

సెలక్షన్ ట్రయల్ వివాదం

2019 మే నెలలో గువాహటిలో జరిగిన ఇండియా ఓపెన్ సెమీఫైనలులో మేరీ కోమ్ చేతిలో నిఖత్ ఓడిపోయింది. ఆ ఆగస్టులో ప్రపంచ పోటీలకు జట్టును ఎంపిక చేయవలసి ఉండగా, భారత బాక్సింగు సమాఖ్య 51 కిలోల విభాగంలో ట్రయల్‌ను నిలిపివేసి, పూర్వ ఫలితాల ఆధారంగా మేరీ కోమ్‌ను నేరుగా పంపించింది. ట్రయల్ బౌటుకు సిద్ధమై వచ్చిన నిఖత్ సమాఖ్యకు లేఖ వ్రాసి నిరసన తెలిపింది. మేరీ కోమ్ రష్యాలోని ఉలన్-ఉదేలో కాంస్యంతో తిరిగి వచ్చింది. దాని ఆధారంగా ఒలింపిక్ అర్హత పోటీకి కూడా ఆమెనే ట్రయల్ లేకుండా పంపవచ్చుననే సూచనలు వెలువడ్డాయి.

2019 అక్టోబరులో నిఖత్ అప్పటి కేంద్ర క్రీడా మంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగ లేఖ వ్రాసింది. తనను ఎంపిక చేయమని ఆమె కోరలేదు. పోటీపడే అవకాశం ఇమ్మని మాత్రమే కోరింది. మేరీ కోమ్‌ను చూచి తాను ప్రేరణ పొందినట్లు కూడా అందులో పేర్కొన్నది. ఒలింపిక్ స్వర్ణ విజేత అభినవ్ బింద్రా ఈ కోరికను బహిరంగంగా సమర్థించాడు. దేశంలో అభిప్రాయాలు రెండుగా చీలిపోయాయి. ఆరుసార్లు ప్రపంచ విజేత అయిన వ్యక్తిని మళ్ళీ పరీక్షించడం అగౌరవమని కొందరు భావించారు. ఎంత గొప్పవారైనా ప్రతిసారీ రింగులో నిరూపించుకోవలసిందేనని మరికొందరు వాదించారు. రెండవ వాదనలో న్యాయం ఎక్కువగా ఉన్నది. పూర్వ ఫలితాలే ప్రమాణమైతే క్రొత్తవారికి ఫలితాలు చూపే సందర్భమే రాదు కదా.

చివరకు సమాఖ్య ట్రయల్స్ నిర్వహించింది. 2019 డిసెంబరు 27న నిఖత్ జ్యోతి గులియాను ఓడించింది. 28న ఢిల్లీలో మేరీ కోమ్ 9-1 తీర్పుతో నిఖత్‌ను ఓడించింది. బౌటు ముగిసిన తరువాత మేరీ కోమ్ కరచాలనం చేయలేదు. ఆ దృశ్యమే పత్రికలలో ప్రముఖంగా వచ్చింది కానీ, ఆటపరంగా ఆ రోజు మేరీ కోమ్ గెలుపు స్పష్టమైనదే. మేరీ కోమ్ 2020 మార్చిలో అమ్మాన్‌లో ఒలింపిక్ అర్హత పొందింది. కోవిడ్ కారణంగా 2021కి వాయిదాపడిన టోక్యో క్రీడలలో రెండవ బౌటులో కొలంబియాకు చెందిన ఇంగ్రిత్ వాలెన్సియా చేతిలో ఓడిపోయింది.

ప్రపంచ విజేత

టోక్యో అవకాశం చేజారిన తరువాతి కాలమే నిఖత్ ఆటలో అత్యుత్తమ దశ. 2021 మార్చిలో ఇస్తాంబుల్‌లో జరిగిన బోస్ఫరస్ పోటీలో ఇద్దరు ప్రపంచ విజేతలను, అనగా రష్యాకు చెందిన ఎకటెరినా పాల్ట్‌సేవాను, కజకిస్తాన్‌కు చెందిన నాజిమ్ కిజాయిబేను, వరుసగా ఓడించింది. సెమీఫైనలులో టర్కీకి చెందిన బుసె నాజ్ చాకిరోగ్లు ఆమెను ఆపింది. ఈ చాకిరోగ్లు పేరు నిఖత్ జీవితంలో మళ్ళీ మళ్ళీ వస్తుంది. చాకిరోగ్లు టోక్యోలో రజతం గెలుచుకొంది. 2022 ఫిబ్రవరిలో స్ట్రాంజా పోటీ సెమీఫైనలులో నిఖత్ ఆమెను 4-1తో ఓడించి, ఫైనలులో ఉక్రెయిన్‌కు చెందిన టెటియానా కోబ్‌పై గెలిచింది. స్ట్రాంజాలో రెండు స్వర్ణాలు పొందిన తొలి భారతీయ మహిళ ఈమె.

అంతకు ముందే, 2021 అక్టోబరులో హిసార్‌లో జరిగిన జాతీయ పోటీలలో 52 కిలోల విజేతగా నిలిచి ప్రపంచ పోటీలలో స్థానం సంపాదించింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో జరిగిన ఫైనలులో థాయిలాండుకు చెందిన జుటామస్ జిట్‌పాంగ్‌ను 5-0తో ఓడించింది. ఐదుగురు జడ్జీలలో ముగ్గురు 29-28గా, ఇద్దరు 30-27గా లెక్కవేశారు. పైన చెప్పినట్లు, 5-0 వెనుక ఎంత దగ్గరి పోరు ఉండవచ్చునో దీనిని బట్టి తెలుస్తుంది. మేరీ కోమ్, సరితా దేవి, జెన్నీ ఆర్.ఎల్., లేఖ కె.సి. తరువాత ప్రపంచ టైటిల్ గెలిచిన ఐదవ భారతీయ మహిళ నిఖత్. పదకొండు సంవత్సరాల క్రితం జూనియర్ టైటిల్ వచ్చినది కూడా టర్కీ దేశంలోనే.

అయితే 52 కిలోల విభాగం పారిస్ ఒలింపిక్ జాబితాలో లేదు. పారిస్‌లో మహిళలకు 50, 54, 57, 60, 66, 75 కిలోల విభాగాలను నిర్ణయించారు. నిఖత్ 54కు పెరగడమా, 50కి తగ్గడమా తేల్చుకోవలసి వచ్చి 50ని ఎంచుకొన్నది. 2022 ఆగస్టు 7న బర్మింగ్‌హామ్‌లో ఉత్తర ఐర్లాండుకు చెందిన కార్లీ మెక్‌నాల్‌ను 5-0తో ఓడించి కామన్వెల్త్ స్వర్ణం పొందింది. 2023 మార్చి 26న కొత్త ఢిల్లీలో వియత్నాంకు చెందిన గుయెన్ థి టామ్‌ను ఓడించి రెండవసారి ప్రపంచ విజేత అయింది. ఆ పోటీ సెమీఫైనలులో ఆమె ఓడించినది ఇంగ్రిత్ వాలెన్సియానే. టోక్యోలో మేరీ కోమ్‌కు అడ్డుపడిన బాక్సరు ఈమే. ఆ సెప్టెంబరులో ఆసియా క్రీడల క్వార్టర్ ఫైనలులో జోర్డానుకు చెందిన హనన్ నాసర్‌పై గెలుపుతో పారిస్ అర్హత లభించింది. సెమీఫైనలులో థాయిలాండుకు చెందిన చుథామత్ రక్సత్ చేతిలో 2-3తో ఓడి కాంస్యంతో తృప్తిపడింది.

పారిస్

ఒలింపిక్ బాక్సింగులో పోటీపడే ప్రతి రోజు ఉదయం బరువు తూకం ఉంటుంది. ఒక్కసారి తూగి ఊరుకుంటే చాలదు. బౌటు ఉన్న ప్రతిసారీ 50 కిలోల లోపే ఉండాలి. పరిమితి దాటితే ఆడే అవకాశమే ఉండదు. అంతేకాక, రెండుసార్లు ప్రపంచ విజేత అయినప్పటికీ పారిస్ డ్రాలో నిఖత్‌కు సీడింగు లభించలేదు. కనుక బలమైన ప్రత్యర్థులు తొలి దశలోనే ఎదురు కావచ్చును.

2024 జూలై 28న జర్మనీకి చెందిన మాక్సి క్లోట్జర్‌ను 5-0తో ఓడించింది. ఆగస్టు 1న అగ్ర సీడ్, చైనాకు చెందిన వు యు చేతిలో 0-5తో ఓడిపోయింది. బరువు కొరకు రెండు రోజులుగా ఆహారం తీసుకోలేదని, నీరు కూడా సరిగా త్రాగలేదని, తూకం తరువాత కోలుకొనే వ్యవధి లేకపోయిందని ఆమె కన్నీటితో విలేకరులకు తెలిపింది. వు యు ఆ విభాగంలో స్వర్ణం గెలిచింది. ఫైనలులో ఆమె ప్రత్యర్థి చాకిరోగ్లు. బలమైన ప్రత్యర్థితోనే ఓడినట్లు దీనివలన తెలుస్తుంది కానీ, సహజమైన బరువులో ఆడిన నిఖత్ ఆ రోజు ఏమి చేసి ఉండేదో చెప్పడం సాధ్యం కాదు.

పారిస్ తరువాత

2023లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం పాత అంతర్జాతీయ బాక్సింగు సంఘానికి గుర్తింపును ఉపసంహరించుకొంది. దాని స్థానంలో వరల్డ్ బాక్సింగ్ అనే క్రొత్త సంస్థ 2025 ఫిబ్రవరిలో తాత్కాలిక గుర్తింపు పొందింది. ఈ సంస్థ విభాగాలను మరల సవరించడంతో 51 కిలోల విభాగం తిరిగి వచ్చింది. 2025 సెప్టెంబరులో లివర్‌పూల్‌లో జరిగిన ప్రపంచ పోటీలలో నిఖత్ ఈ విభాగంలోనే పాల్గొని అమెరికాకు చెందిన జెన్నిఫర్ లొజానోను, జపానుకు చెందిన యునా నిషినకాను ఓడించింది. క్వార్టర్ ఫైనలులో చాకిరోగ్లు మళ్ళీ ఎదురై 5-0తో గెలిచింది. ఆ పోటీలలో భారతదేశానికి స్వర్ణాలు తెచ్చిన జాస్మిన్ లంబోరియా, మీనాక్షి హుడా ఇద్దరూ హర్యానావారు. వీరిలో మీనాక్షి 2021 హిసార్ ఫైనలులో నిఖత్ చేతిలో ఓడిన బాక్సరు. 2025 నవంబరు 20న గ్రేటర్ నోయిడాలో జరిగిన ప్రపంచ బాక్సింగు కప్ ఫైనల్స్‌లో నిఖత్ తైవానుకు చెందిన గువో యి-షువాన్‌ను 5-0తో ఓడించి స్వర్ణం పొందింది. ఇది ఒక్కో విభాగంలో కొద్దిమందే పాల్గొనే పోటీ కనుక ప్రపంచ టైటిళ్ళతో దీనిని సమానంగా చూడరాదు.

నిఖత్‌కు 2022లో భారత ప్రభుత్వం అర్జున పురస్కారం ప్రదానం చేసింది. అదే సంవత్సరం తెలంగాణ ప్రభుత్వం రెండు కోట్ల రూపాయల నగదును, హైదరాబాదులో ఇంటి స్థలాన్ని ప్రకటించింది. 2021లో బ్యాంక్ ఆఫ్ ఇండియాలో ఉద్యోగంలో చేరిన ఈమెను 2024 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం పోలీసు శాఖలో డీఎస్పీగా నియమించింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్ క్రీడలకు మహిళల విభాగాలు ఏడుకు పెరిగాయి. వాటిలో కనిష్ఠ విభాగం మరల 51 కిలోలే.