రిఫ్రెష్ రేటు
రిఫ్రెష్ రేటు అనగా కంప్యూటరు తెర సెకనుకు ఎన్నిసార్లు చిత్రాన్ని తిరిగి చూపగలదో తెలిపే సంఖ్య. దీనిని హెర్ట్జ్‌లలో కొలుస్తారు. ఆటలలో గ్రాఫిక్స్ ప్రాసెసర్ సెకనుకు తయారుచేసే చిత్రాల సంఖ్యను ఫ్రేము రేటు అంటారు.

60 హెర్ట్జ్ లాప్‌టాప్ తెర సుమారు 16.7 మిల్లీసెకన్లకు, 144 హెర్ట్జ్ తెర 6.9 మిల్లీసెకన్లకు ఒకసారి మారుతుంది. ప్రాసెసర్ 100 ఫ్రేములు ఇచ్చినా 60 హెర్ట్జ్ తెర సెకనుకు 60 సార్లే మారుతుంది. అప్పుడు రెండు ఫ్రేముల భాగాలు కలిసి, చిత్రం అడ్డంగా చీలినట్లు కనిపించవచ్చు. 144 హెర్ట్జ్ తెర ఉండి, ప్రాసెసర్ 40 ఫ్రేములే ఇస్తే తెరకు పెట్టిన అధిక ధర ఆ ఆటలో చాలావరకు వృథా. కావున కొనేవారు రెండింటినీ పరిశీలించాలి.

తెలుగు సినిమాలకు సాధారణంగా సెకనుకు 24 ఫ్రేములు. 60ని 24 నిశ్శేషంగా భాగించదు. అందువలన 60 హెర్ట్జ్ తెరపై ఒక ఫ్రేము 2 సార్లు, తరువాతిది 3 సార్లు కనిపిస్తుంది. 144 హెర్ట్జ్ తెరపై ప్రతి ఫ్రేమూ సరిగా 6 సార్లు చూపవచ్చు.