కూర్చోగానే మనసు ఎందుకు పరుగెడుతుంది?

కళ్లు మూసుకుని కూర్చున్న రెండో నిమిషానికే లేచిపోవాలనిపిస్తుంది. బోరు మోటారు ఆపామా లేదా, చీటీ డబ్బు ఎప్పుడు కట్టాలి, నిన్న పెళ్లిలో బావ అన్న మాటకు ఏం జవాబు చెప్పి ఉండాల్సింది, అన్నీ అప్పుడే గుర్తొస్తాయి. "నా మనసు నిలవదు, ధ్యానం నాకు రాదు" అనుకుని చాలామంది వారం తిరక్కుండానే మానేస్తారు. గద్వాల దగ్గరి ఇటిక్యాలలో పత్తి చేను చూసుకునే రైతు అన్నా, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అన్నా మాట ఇదే.

మొదలుపెట్టే వారికి ముందుగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మనసు పరుగెత్తిందని మీరు గమనించిన క్షణమే ధ్యానం జరుగుతున్న క్షణం. పరుగు తీసినన్నిసార్లూ గమనించి వెనక్కి తెచ్చుకోవడమే ఇందులోని సాధన. పదిసార్లు పోయి పదిసార్లు తిరిగొచ్చిందంటే మీరు పదిసార్లు సాధన చేశారన్నమాట.

అసలు మనసు ఎందుకు పోతుంది?

పని లేకపోతే మెదడు విశ్రాంతి తీసుకుంటుందని ఒకప్పుడు అనుకునేవారు. అమెరికా శాస్త్రవేత్త మార్కస్ రైకిల్ బృందం 2001లో వేరే సంగతి చెప్పింది. చేతిలో పని లేనప్పుడు మెదడులో కొన్ని భాగాలు మరింత చురుగ్గా ఉంటాయి. జరిగిపోయినదాన్ని తవ్వుకోవడం, రాబోయేదాన్ని ఊహించుకోవడం, ఎవరు మన గురించి ఏమనుకుంటున్నారోనని లెక్కలు వేసుకోవడం ఈ భాగాల పని. ఇది చెడ్డదేమీ కాదు. వచ్చే కారుకు ఏ విత్తనం వేయాలో ముందే ఆలోచించలేని మనిషి సేద్యం చేయలేడు. చిక్కల్లా ఎక్కడంటే, అవసరం తీరాక కూడా ఆ ఆలోచన ఆగదు.

2010లో హార్వర్డ్ పరిశోధకులు మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ 2,250 మందిని ఫోన్ యాప్ ద్వారా రోజులో అనుకోని వేళల్లో పలకరించి, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనసు ఎక్కడుంది, ఎలా ఉన్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదని తేలింది. మనసు పని మీద లేని వేళల్లో జనం అంత సంతోషంగా లేరని కూడా తేలింది. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో జరిగిన ప్రయోగం ఇంకా ఆలోచింపజేస్తుంది. ఖాళీ గదిలో పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోమన్నారు. పక్కన ఒక బటన్ పెట్టారు, నొక్కితే చిన్న కరెంటు షాక్ తగులుతుంది. ఆ షాక్ వద్దు, తప్పించుకోవడానికి డబ్బైనా ఇస్తామని అంతకుముందు చెప్పినవారే వీళ్లు. అయినా 18 మంది మగవారిలో 12 మంది, 24 మంది ఆడవారిలో 6 మంది ఒక్కసారైనా దాన్ని నొక్కుకున్నారు. తనతో తాను ఊరికే ఉండటం మనిషికి అంత కష్టం. కాబట్టి మొదటి రోజే మీకు కష్టంగా అనిపిస్తే అందులో ఆశ్చర్యం లేదు.

మరి ఆలోచనలను ఆపేయాలి కదా?

ఆపాలని చూస్తే పెరుగుతాయి. ఈ సంగతి మన పెద్దలకు బాగా తెలుసు. వైద్యుడు మందు ఇచ్చి, తాగేటప్పుడు కోతిని మాత్రం తలచుకోవద్దన్న కథ వినని ఇల్లు ఉండదు. ఆ రోగి ఆ మందు తాగలేకపోయాడు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే మనస్తత్వవేత్త ఇలాంటిదే పరీక్ష పెట్టాడు. తెల్ల ఎలుగుబంటిని తలచుకోవద్దని, తలపుకొస్తే గంట కొట్టమని చెప్పాడు. గంట మోగుతూనే ఉంది. 'వద్దు' అనుకుంటున్నామంటే, అది వచ్చిందో లేదో మనసు చూసుకుంటూ ఉండాలి. ఆ చూసుకోవడంలోనే అది వస్తుంది.

అందుకే ధ్యానంలో ఆలోచనతో కుస్తీ పట్టరు. వచ్చిందని గుర్తిస్తారు, దాని వెంట పోకుండా వెనక్కి వస్తారు. భగవద్గీత ఆరో అధ్యాయంలో అర్జునుడంతటివాడే మనసును పట్టడం గాలిని పట్టడంలా ఉందని మొరపెట్టుకున్నాడు. కృష్ణుడు ఆ మాటను కాదనలేదు. నిజమే, కష్టమే, కాని అభ్యాసంతోనూ వైరాగ్యంతోనూ వీలవుతుందన్నాడు. అభ్యాసమంటే మళ్లీ మళ్లీ చేయడం. అంత గొప్ప శిష్యుడికే దగ్గరిదారి చెప్పలేదని గుర్తుంచుకుంటే మనకు నిరాశ తగ్గుతుంది.

శ్వాసనే ఎందుకు పట్టుకోమంటారు?

మనసు తిరిగి రావడానికి ఒక చోటు కావాలి. ఆ చోటు ఎప్పుడూ మన దగ్గరే ఉండాలి, ఖర్చు ఉండకూడదు, మనల్ని రెచ్చగొట్టకూడదు. శ్వాస అలాంటిది. దానికి కులం లేదు, మతం లేదు. రెండు వేల ఐదు వందల ఏళ్ల కిందట బుద్ధుడు ఆనాపానసతి పేరుతో నేర్పింది ఇదే. వచ్చే శ్వాసను వస్తోందని, పోయే శ్వాసను పోతోందని తెలుసుకుంటూ ఉండటం.

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న మా నడిగడ్డ జనానికి ఈ పద్ధతి కొత్తది కాదు. ఇటిక్యాల నుంచి దక్షిణానికి పోయి తుంగభద్ర దాటితే కర్నూలు. అక్కడ ఎరువుల కంపెనీలో ఉద్యోగం చేసిన సుభాష్ పత్రి 1990లో కర్నూలు స్పిరిచ్యువల్ సొసైటీ పెట్టారు. బోధన్‌లో 1947లో పుట్టిన ఆయనే తర్వాత పత్రీజీగా రెండు తెలుగు రాష్ట్రాల్లో ఊరూరికీ తెలిశారు. 'శ్వాస మీద ధ్యాస' అన్న ఆయన మాట ఎన్నో పల్లెల గోడల మీదికెక్కింది. 2022 జూలైలో ఆయన కన్నుమూసింది శ్రీశైలం రోడ్డు మీది కడ్తాల్‌లో, ఆయన సంస్థ కట్టుకున్న పెద్ద పిరమిడ్ దగ్గరే. ఆయన ధ్యాన ఉద్యమం పిరమిడ్ ఆకారానికి శక్తి ఉందని చెబుతుంది. ఆ మాటకు శాస్త్రీయమైన రుజువు నాకు ఎక్కడా కనబడలేదు. కాని గురువు కాళ్లు పట్టుకోనక్కరలేదని, డబ్బు కట్టనక్కరలేదని, మీ ఇంట్లో మీ శ్వాసను మీరే చూసుకోవచ్చని మామూలు జనానికి ధైర్యం చెప్పిన మేలు మాత్రం పెద్దది. పిరమిడ్ లేకపోయినా ఆ శ్వాస మీదే.

ఎలా కూర్చోవాలి?

పద్మాసనం అక్కరలేదు. పతంజలి యోగసూత్రాల్లో ఆసనం గురించి కోరింది రెండే: స్థిరంగా ఉండాలి, సుఖంగా ఉండాలి. నేల మీద బాసింపట్టు వేసుకోగలిగితే కింద దుప్పటి మడిచి పెట్టుకోండి, నడుము కాస్త పైకి లేచి వెన్ను దానంతటదే నిలుస్తుంది. మోకాళ్ల నొప్పులుంటే కుర్చీలో కూర్చుని పాదాలు నేలకు ఆనించండి. మొదట్లో గోడకు ఆనుకున్నా తప్పు లేదు. చేతులు ఒళ్లో పెట్టుకోండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి అలారం పెట్టుకోండి, లేకపోతే ఎంతసేపైందోనని నిమిషానికోసారి కళ్లు తెరుస్తారు.

ముందు నాలుగైదు శ్వాసలు కాస్త దీర్ఘంగా వదలండి. తీసుకునేదానికంటే వదిలేది నిదానంగా ఉండాలి. శ్వాస లోపలికి పోయేటప్పుడు గుండె కొంచెం వేగంగా, బయటికి వచ్చేటప్పుడు కొంచెం నెమ్మదిగా కొట్టుకుంటుంది. మెదడు నుంచి గుండెకు, పొట్టకు పోయే వేగస్ నాడి ఈ నెమ్మదిని తెస్తుంది. అందుకే పెద్ద కష్టం గట్టెక్కినప్పుడు మనం ఎవరూ చెప్పకుండానే నిట్టూరుస్తాం. ఆ తర్వాత శ్వాసను దాని మానాన వదిలేయండి. ఇది ప్రాణాయామం కాదు, బిగపట్టే పని లేదు.

ఇక చూడాల్సింది ముక్కు రంధ్రాల దగ్గర. లోపలికి పోయే గాలి కొంచెం చల్లగా, బయటికి వచ్చేది కొంచెం వెచ్చగా తగులుతుంది. జలుబు చేసి అది తెలియకపోతే పొట్ట పైకి లేచి కిందికి దిగడం చూడండి. శ్వాస వదిలినప్పుడల్లా లోలోపల ఒకటి, రెండు అని పది దాకా లెక్కపెట్టుకుని మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టండి. లెక్క తప్పితే, లేదా ఇరవై మూడు దగ్గర తేలితే, నవ్వుకుని ఒకటికి రండి. విపశ్యన అనే ధ్యాన పద్ధతిలో లెక్క, నామం రెండూ వద్దంటారు. జెన్ బౌద్ధులు లెక్కతోనే మొదలెడతారు. కొత్తవారికి లెక్క సాయపడుతుందని నా అభిప్రాయం. రామనామం అలవాటున్నవారు శ్వాసకు జతగా నామాన్నే పెట్టుకోవచ్చు, అల్లా పేరు తలచుకునేవారు ఆ పేరునే పెట్టుకోవచ్చు.

ఏకాగ్రత నాకెక్కడిదని అనుకునేవారికి ఒక మాట. గద్వాల ప్రాంతమంతా విత్తనాల కోసం సీడ్ పత్తి పండుతుంది. క్రాసింగ్ పని చేసే ఆడవాళ్లను దగ్గరగా చూడండి. రేపు విచ్చుకునే మొగ్గను ఈ రోజు మధ్యాహ్నమే గుర్తుపట్టి, రేకులతో పాటు మగ కేసరాలను గోటితో చుట్టూ తీసేస్తారు. నడిమి కాడకు గోరు తగిలితే ఆ కాయ పోయినట్టే. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ కాడ కొసకు పుప్పొడి అద్దుతారు. ఇలా రోజుకు ఎన్ని వందల పూలో. పనిలో మాటలు సాగుతూనే ఉంటాయి, పాటలూ సాగుతాయి, మనసు ఇంటికి పోయి వస్తుంది. కాని గోరు మొగ్గను తాకే క్షణానికి చూపు అక్కడికి చేరుకుంటుంది. శ్వాస దగ్గరికి మనసు చేరుకోవలసింది కూడా అలాగే, అంతే సుతారంగా. మీ చేతులకు ఇప్పటికే వచ్చిన విద్య ఇది.

నిద్ర వస్తుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, చప్పుడు!

తెల్లవారుజామున లేచి పొద్దంతా చేనులో వంగిన మనిషి రాత్రి తిన్నాక కూర్చుంటే నిద్రే వస్తుంది. అది శరీరానికి బాకీ ఉన్న నిద్ర, ముందు దాన్ని తీర్చండి. పొద్దున ముఖం కడుక్కున్నాక, ఏమీ తినకముందు కూర్చోవడం మేలు. అయినా కునుకు పడితే కళ్లు సగం తెరిచి నేల చూడండి, లేదా గట్టు మీద మెల్లగా నడుస్తూ పాదం నేలను తాకడాన్ని గమనించండి. నడకా ధ్యానమే.

తిమ్మిరి అంటే నరం మీద బరువు పడిందని అర్థం. ఓర్చుకుని గెలవాల్సిన పరీక్ష కాదది. నెమ్మదిగా కాలు మార్చుకోండి, మార్చుకుంటున్నానని తెలుసుకుంటూ మార్చుకోండి.

చప్పుడు సంగతికొస్తే, గుడి మైకు, ట్రాక్టర్, హైవే మీది లారీ హారన్ ఉండనే ఉంటాయి. కొందరు నిశ్శబ్దం కోసం బీచుపల్లి దాకా పోయి కృష్ణా నది ఒడ్డున కూర్చుంటారు. అక్కడా వంతెన మీద బండ్లు పోతూనే ఉంటాయి. చప్పుడు వినబడిందని తెలుసుకుని శ్వాసకు రావడమే చేయగలిగింది. చప్పుడు మీద కోపం వస్తే, కోపం వచ్చిందని కూడా చూడండి.

ఎంతసేపు? ఎన్నాళ్లకు ఫలితం?

ఎన్నేళ్ల వయసుంటే అన్ని నిమిషాలు కూర్చోవాలని పత్రీజీ బాటలోని పిరమిడ్ ధ్యానులు చెబుతారు. యాభై ఏళ్ల మనిషి మొదటి రోజే యాభై నిమిషాలు కూర్చోబోతే నాలుగో రోజుకు చాప చుట్టేస్తాడు. ఐదు నిమిషాలతో మొదలెట్టండి. అది రోజువారీ అలవాటయ్యాక పది, ఆపైన ఇరవై. వారానికోసారి గంటసేపు కూర్చోవడం కంటే రోజూ పది నిమిషాలు మంచిది.

1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ వైద్య కళాశాలలో నొప్పులతో బాధపడేవారికి ధ్యానం నేర్పడం మొదలెట్టాడు. ఆ శిక్షణ తర్వాత ఎనిమిది వారాల గడువుకు స్థిరపడింది. ఇప్పటికీ చాలా పరిశోధనల్లో ఆ గడువే పాటిస్తున్నారు. 2014లో అమెరికా వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 47 పరీక్షలను, 3,515 మందిని కలిపి చూసింది. ఆందోళన, దిగులు, నొప్పి కొంతవరకు తగ్గుతాయని చెప్పింది. వ్యాయామం వంటి ఇతర చికిత్సల కంటే మిన్న అనడానికి ఆధారం దొరకలేదని కూడా చెప్పింది. రెండు మాటలూ నమ్మదగినవే.

మొదటి వారాల్లో మనసు ఇంకా గోలగా ఉన్నట్టు తోస్తుంది. గోల పెరగలేదు, ఇన్నాళ్లూ వినని గోల ఇప్పుడు వినబడుతోంది. శాంతి వచ్చిందా అని రోజూ తరచి చూసుకోకండి. ఇంట్లో చూసుకోండి. పిల్లవాడు గ్లాసు పగలగొట్టినప్పుడు నోటికి వచ్చిన తిట్టు ఒక్క క్షణం ఆగిందా? అప్పులాయన ఫోన్ వచ్చినప్పుడు ఎత్తే ముందు ఒక శ్వాస గుర్తొచ్చిందా? ఫలితం కనబడేది అక్కడ. అప్పు మాత్రం ధ్యానంతో తీరదు, వాన ధ్యానంతో కురవదు. వాటి గురించి నిదానంగా ఆలోచించే తెరపి దొరుకుతుంది, అంతవరకే.

ఎక్కడికైనా వెళ్లి నేర్చుకోవాలా?

మొదలుపెట్టడానికి ఇల్లు చాలు. తర్వాత తోడు కావాలనిపిస్తే దారులున్నాయి. సత్యనారాయణ గోయెంకా బర్మా నుంచి 1969లో భారతదేశానికి తెచ్చిన విపశ్యనకు హైదరాబాద్ వనస్థలిపురం దగ్గర ధమ్మఖేత్త కేంద్రం ఉంది. అక్కడి శిబిరం పది రోజులు: తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, ఫోన్ ఉండదు, మౌనం, రోజుకు దాదాపు పది గంటల సాధన. ఫీజు లేదు. షాద్‌నగర్ దగ్గరి కాన్హా శాంతివనంలో హార్ట్‌ఫుల్‌నెస్ వారు హృదయంలో వెలుగు ఉందన్న భావన మీద ధ్యానం నేర్పుతారు, అదీ ఉచితమే. పది రోజుల మౌనం మొదటి మెట్టు కాకూడదని నా గట్టి అభిప్రాయం. రెండు మూడు నెలలు ఇంట్లో కూర్చున్నాకే వెళ్లండి. శక్తులు వస్తాయని, రోగాలన్నీ పోతాయని, ఇంత డబ్బు కట్టమని ఎవరైనా అంటే మాత్రం అటు పోకండి.

చివరగా, ధ్యానం మందుకు బదులు కాదు. బీపీ, షుగర్, మనసుకు సంబంధించిన మాత్రలు వాడేవారు డాక్టర్‌ను అడగకుండా ఒక్కటి కూడా మానొద్దు. కళ్లు మూసుకుంటే భయం పెరుగుతున్నా, పాత దుర్ఘటన కళ్ల ముందుకు వస్తున్నా కళ్లు తెరిచి లేవండి, కొన్నాళ్లు నడక చాలు. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలని లేదనిపించినా ఒంటరిగా కూర్చోవద్దు, ఇంట్లో ఒకరికి చెప్పండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.