మీకు తెలుసా? థ్రిల్ కోరే గుణానికీ కొలత ఉంది

చిమ్మచీకటి గది. చప్పుడు లేదు, చేయడానికి పనేమీ లేదు. కళ్లకూ చెవులకూ ఏమీ అందకపోతే మనిషి ఏమవుతాడో చూద్దామని 1950, 60 దశకాల్లో అమెరికాలో ఇలాంటి ప్రయోగాలు జరిగాయి. కొందరు ప్రశాంతంగా పడుకునేవారు. కొందరికి కాసేపటికే కుదురు ఉండేది కాదు. ఆ తేడా ఏమిటో పట్టుకోవాలని మార్విన్ జుకర్‌మన్ అనే మనస్తత్వవేత్త 1964లో ఒక ప్రశ్నావళి తయారుచేశారు. ‘సెన్సేషన్ సీకింగ్’ను, అంటే థ్రిల్ కోరే గుణాన్ని, కొలవడం అలా మొదలైంది. విచిత్రమేమిటంటే, అలాంటి గదిలోకి వెళ్తామని ముందుకొచ్చేవారిలో థ్రిల్ కోరేవాళ్లే ఎక్కువ. ఏమీ లేని గది కూడా వాళ్లకు కొత్త అనుభవమే!

ఈ గుణంలో జుకర్‌మన్ నాలుగు పాయలు చూశారు: ఎత్తులన్నా వేగమన్నా మోజు, కొత్త ఊళ్ల కోసం, కొత్త సంగీతం కోసం, కొత్త మనుషుల కోసం వెతుకులాట, విందుల్లో మద్యంలో హద్దు మరిచిపోవడం, విసుగును భరించలేకపోవడం. థ్రిల్ కోరేవాళ్లు వెతికేది అనుభవాన్ని. ప్రమాదం దానికి చెల్లించే ధర మాత్రమే, అది మనకు కనిపించినంత పెద్దగా వాళ్లకు కనిపించదు. మనుషుల మధ్య ఈ గుణంలో ఉండే తేడాల్లో సుమారు సగం జన్యువుల వల్ల వచ్చేవేనని కవలలపై జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. పెంపకం సరిగా లేకే పిల్లాడు ఇలా తయారయ్యాడని తల్లిని తప్పుపట్టడం అన్యాయం.

రోడ్డు మీద మాత్రం ఆ ధర నిజంగానే వసూలవుతుంది. కెనడా పరిశోధకుడు బ్రయాన్ జోనా 1997లో 40 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. దాదాపు అన్నింటిలోనూ అదే మాట: ఈ గుణం ఎక్కువగా ఉన్నవాళ్లు అతివేగంగానో, తాగో బండి నడపడం ఎక్కువ. ఫిన్లాండ్ లెక్కలతో 2009లో వచ్చిన ఇంకో అధ్యయనం మరీ ఆసక్తికరం. అతివేగానికి ఎక్కువసార్లు జరిమానా పడ్డవాళ్లు షేర్లను కూడా ఎక్కువగా కొని అమ్ముతున్నారట. ఫోన్లో క్షణక్షణం ట్రేడింగ్ చేసే కుర్రాళ్లున్న ఇళ్లలో ఈ సంగతి తెలిసి ఉండాలి.

కారానికీ దీనికీ సంబంధం ఉంది! మిరప మంటను ఇష్టపడేవాళ్లలో ఈ గుణం ఎక్కువని 2013లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు చూపారు. అది అమెరికాలో తేలిన సంగతి. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవకాయ అన్నం తినే మనకు అలాగే వర్తిస్తుందని నేననుకోను.

మరి థ్రిల్ కోరేవాళ్లంతా తొందరపాటు మనుషులేనా? కొండలెక్కే అలెక్స్ హొనాల్డ్‌ను చూడండి. 2017 జూన్ 3న సుమారు 900 మీటర్ల ఎల్ కాపిటన్ కొండను తాడు లేకుండా 3 గంటల 56 నిమిషాల్లో ఎక్కాడు. అంతకుముందే న్యూరోసైంటిస్టు జేన్ జోసెఫ్ అతని మెదడును స్కాన్ చేశారు. భయం పుట్టించే చిత్రాలు చూపినా, భయానికి స్పందించే మెదడు భాగమైన అమిగ్డాలాలో కదలిక దాదాపు లేదు. ప్రశ్నావళిలో థ్రిల్ కోరిక మామూలు మనుషుల కంటే చాలా ఎక్కువ, తొందరపాటు మాత్రం తక్కువ. ఆ కొండను తాడుతో ఎన్నోసార్లు ఎక్కి, చెయ్యి ఎక్కడ వేయాలో కాలు ఎక్కడ పెట్టాలో కంఠతా పట్టాకే అతను తాడు వదిలాడు. థ్రిల్ మోజుకు తొందరపాటు తోడైతేనే అసలు ప్రమాదం. టీనేజీలో జరిగేది అదే. మోజు ఉవ్వెత్తున లేస్తుంది, నిగ్రహం మాత్రం ఇరవైలు దాటేదాకా మెల్లగా పెరుగుతూనే ఉంటుంది.

దీనికి స్నేహితులు తోడైతే? మార్గో గార్డనర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ 2005లో 306 మందితో కంప్యూటర్‌పై కారు ఆట ఆడించారు. ట్రాఫిక్ లైటు పసుపు రంగుకు మారింది, ఎప్పుడు ఆపాలి? తోటివాళ్లు పక్కన చేరగానే 13-16 ఏళ్ల పిల్లలు బాగా తెగించారు. 24 దాటినవాళ్లలో పెద్ద మార్పు లేదు.

థ్రిల్ కోరే పిల్లలకు నీతులు పనిచేయవు. అమెరికాలో కెంటకీ పరిశోధకులు వాళ్ల నాడి పట్టుకుని, వేగంగా, ఉత్కంఠగా సాగే టీవీ ప్రకటనలు తయారుచేసి గంజాయి మాన్పించే ప్రచారం చేశారు. థ్రిల్ కోరే పిల్లల్లోనే వాడకం తగ్గిందని 2001లో ప్రకటించారు. దారి చూపితే మన పిల్లలూ తక్కువేం కాదు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కేనాటికి మాలావత్ పూర్ణకు 14 ఏళ్లు నిండలేదు. ఆమె శిక్షణ మొదలైంది భువనగిరి కొండ మీదే.

మీ ఇంట్లో క్షణం కుదురుగా ఉండని అబ్బాయో అమ్మాయో ఉంటే ఈతకో, కబడ్డీకో, కొండలెక్కడానికో పంపండి. బండి తాళాలు అడిగితే మాత్రం లైసెన్సూ హెల్మెట్టూ చూసి ఇవ్వండి. వెనక ఎవరెక్కుతున్నారో కూడా అడగండి.