క్లౌడ్ నిల్వ మరియు డేటాబేసుల ఎంపిక

ఒక సంస్థ తన డేటాను సొంత యంత్రాలలో కాక, అంతర్జాలం ద్వారా అద్దెకు లభించే కంప్యూటర్లలో భద్రపరచుకొనే పద్ధతిని క్లౌడ్ నిల్వ అంటారు. యంత్రాల కొనుగోలు, విద్యుత్తు, మరమ్మతుల భారం సేవాదారుపై ఉంటుంది. వాడుకున్న మేరకు సంస్థ రుసుము చెల్లిస్తుంది. అయితే ఏ డేటాను ఏ విధంగా దాచాలి, దానికి ఎన్ని ప్రతులు ఉంచాలి అన్న నిర్ణయం మాత్రం సంస్థదే.

చరిత్ర

1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా నేటికీ అనేక వ్యాపార డేటాబేసులకు పునాది. 2006 మార్చిలో అమెజాన్ సంస్థ ఎస్3 అనే నిల్వ సేవను ప్రారంభించింది. గూగుల్ 2006లో బిగ్‌టేబుల్ గురించి, అమెజాన్ 2007లో డైనమో గురించి ప్రచురించిన పరిశోధనా పత్రాలు రిలేషనల్ కాని డేటాబేసుల వ్యాప్తికి దోహదం చేశాయి.

నిల్వ రకాలు

* బ్లాక్ నిల్వ: కంప్యూటరుకు అమర్చిన డిస్కు వలె పనిచేస్తుంది. వేగం ఎక్కువ కనుక డేటాబేసులను నడపడానికి అనుకూలం.
* ఫైలు నిల్వ: పలు కంప్యూటర్లు ఒకే ఫోల్డర్లను పంచుకోవలసినపుడు ఉపయోగిస్తారు.
* ఆబ్జెక్టు నిల్వ: ఛాయాచిత్రాలు, వీడియోలు, పాత రికార్డుల వంటి వాటికి తగినది, చవకైనది. అరుదుగా చూసే డేటాను ఇంకా తక్కువ ధరకు దాచవచ్చును గాని, దానిని తిరిగి పొందడానికి కొన్ని గంటలు పట్టవచ్చు.

డేటాబేసు రకాలు

ఒక ఖాతా నుండి 500 రూపాయలు తీసి మరొక ఖాతాలో జమచేసేటపుడు రెండు పనులూ జరగాలి, లేదా రెండూ జరగకూడదు. ఇటువంటి లావాదేవీలకు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మైఎస్‌క్యూఎల్ వంటి రిలేషనల్ డేటాబేసులు అనుకూలం. సరుకుల బుట్ట, లాగిన్ వివరాల వంటి వాటిని ఒక్క గుర్తింపు సంఖ్యతో అతివేగంగా వెదకవలసినపుడు డైనమోడీబీ (2012) వంటి కీ-విలువ డేటాబేసులు ఉపకరిస్తాయి. అనేక సంవత్సరాల అమ్మకాలను కూడి విశ్లేషించడానికి బిగ్‌క్వెరీ, రెడ్‌షిఫ్ట్ వంటి డేటా గిడ్డంగులు వేరుగా ఉన్నాయి.

ఎంపికలో గమనించవలసినవి

ఖర్చు: నిల్వ ధర ఒక్కటే చూడరాదు. డేటాను క్లౌడ్ నుండి బయటకు తీసుకొనేటపుడు సాధారణంగా వేరే రుసుము ఉంటుంది.

చట్టం: భారతదేశంలో చెల్లింపుల వ్యవస్థలకు సంబంధించిన డేటాను దేశంలోనే నిల్వచేయాలని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో ఆదేశించింది. అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను ప్రారంభమయ్యాయి.

బదిలీ సౌలభ్యం: ఒకే సేవాదారు వద్ద మాత్రమే లభించే డేటాబేసును ఎంచుకొంటే తరువాత మారడం కష్టం. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వంటి స్వేచ్ఛా సాఫ్టువేరును దాదాపు ఎక్కడైనా నడపవచ్చు.

మన్నిక, లభ్యత, ప్రతులు

మన్నిక అనగా దాచిన డేటా చెడిపోకుండా ఉండటం. లభ్యత అనగా అడిగినపుడు అది అందటం. ఈ రెండూ వేరు. ఎస్3 సేవను ఏడాదికి 99.999999999 శాతం మన్నికతో రూపొందించారు. అనగా 1 కోటి వస్తువులను దాచితే, సగటున 10,000 సంవత్సరాలకు ఒకటి పోవచ్చును. లభ్యత లక్ష్యం 99.99 శాతమైతే ఏడాదికి సుమారు 53 నిమిషాలు సేవ అందకపోవచ్చు. వాడుకరి పొరపాటున తానే చెరిపివేసిన డేటాకు మాత్రం ఈ మన్నిక రక్షణ ఇవ్వదు.

2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్‌క్లౌడ్ సంస్థ డేటా కేంద్రం అగ్నికి ఆహుతి అయినపుడు, వేరొక చోట ప్రతులు లేని ఖాతాదారులు కొందరు తమ డేటాను శాశ్వతంగా కోల్పోయారు. 2024 మేలో ఆస్ట్రేలియా పింఛను నిధి యూనిసూపర్‌కు గూగుల్ క్లౌడ్‌లో ఉన్న వ్యవస్థ, అమరికలో దొర్లిన లోపం వలన తొలగిపోయింది. సేవలు వారానికి పైగా స్తంభించినా, మరొక సేవాదారు వద్ద కూడా ప్రతులు ఉండటం పునరుద్ధరణకు తోడ్పడింది.

అందుచేత 3-2-1 నియమాన్ని పాటించడం మేలు: డేటాకు 3 ప్రతులు, 2 రకాల మాధ్యమాలలో, కనీసం 1 ప్రతి వేరొక ప్రదేశంలో. ఆ ప్రతుల నుండి డేటా నిజంగా తిరిగి వస్తున్నదో లేదో అప్పుడప్పుడు పరీక్షించి చూడాలి.