ఎల్‌ఈడీ బల్బు ఆయుష్షు: పెట్టె మీది అంకె, ఇంట్లోని లెక్క

ఎల్‌ఈడీ బల్బు అట్టపెట్టె మీద 15,000 గంటలనో, 25,000 గంటలనో ఒక ఆయుర్దాయం ముద్రించి ఉంటుంది. రోజుకు ఐదు గంటల చొప్పున వెలిగితే 25,000 గంటలంటే పదమూడేళ్ల పైమాట. అయినా ఒకేచోట కొన్న రెండు బల్బుల్లో ఒకటి వరండాలో ఏళ్ల తరబడి వెలుగుతూ ఉండగా, రెండోది వంటగదిలో రెండేళ్లు తిరక్కుండానే మాడిపోవడం చాలా ఇళ్లలో అనుభవంలో ఉన్న విషయమే. దీన్నిబట్టి ఆ అంకె అబద్ధమని తేల్చేయడం తొందరపాటు అవుతుంది. అది ప్రధానంగా బల్బులోని ఒక భాగం సామర్థ్యాన్ని చెబుతుంది. ఇళ్లలో ముందుగా చెడిపోయేది చాలాసార్లు మరో భాగం.

పాత గుండు బల్బులో టంగ్‌స్టన్ తీగ ఆవిరవుతూ, పలచబడుతూ, సుమారు వెయ్యి గంటలకు తెగిపోయేది కాబట్టి దాని ఆయుష్షును లెక్కగట్టడం తేలిక. ఎల్‌ఈడీ, అంటే విద్యుత్తు ప్రవహించినప్పుడు నేరుగా కాంతినిచ్చే అర్ధవాహక చిప్, అలా ఆవిరైపోయేది కాదు. నీలి కాంతినిచ్చే ఆ చిప్పూ, నీలిని తెలుపుగా మార్చడానికి దానిమీద వేసే పసుపు రంగు ఫాస్ఫర్ పూతా కాలం గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా మందగిస్తాయి. అందుకే పరిశ్రమ ఒక హద్దు పెట్టుకుని, మొదటి వెలుగులో 70 శాతానికి పడిపోయేవరకు పట్టే గంటలనే ఆయుష్షుగా పరిగణిస్తూ, దానికి ఎల్‌70 అని పేరు పెట్టింది. అదీ సాధారణంగా నమూనాల్లో సగం ఆ హద్దు దాటే సమయమే కనుక, మిగిలిన సగం ఎక్కువకాలం నిలిచినా, ముందు సగానికి ఆ అంకె వర్తించదు.

ఈ గంటలన్నీ నిజంగా వెలిగించి చూసినవి కావు. అమెరికాలోని ఇల్యూమినేటింగ్ ఇంజనీరింగ్ సొసైటీ రూపొందించిన ఎల్‌ఎం-80 పద్ధతిలో చిప్‌లను కనీసం 6,000 గంటలు, అంటే 250 రోజులు, నిర్ణీత ఉష్ణోగ్రతల్లో వెలిగించి వెలుగు ఎంత తగ్గిందో కొలుస్తారు. ఆ తగ్గుదల తీరును బట్టి, పరీక్షించిన కాలానికి ఆరు రెట్లు మించకుండా, రాబోయే కాలాన్ని లెక్కకడతారు. పద్ధతిగా చూస్తే ఇది నిజాయితీ గల శాస్త్రమే. అయితే ఆ పరీక్షలో ఉన్నవి చిప్‌లు మాత్రమే. వాటికి విద్యుత్తు అందించే సర్క్యూట్ గానీ, చుట్టూ ఉండే డొల్ల గానీ అందులో లేవన్నది కొనుగోలుదారుకు ఎవరూ చెప్పరు.

ఇళ్లకు వచ్చేది 230 వోల్టుల ఏకాంతర విద్యుత్తు కాగా, చిప్‌లకు కావలసింది ఒకే దిశలో, అదుపులో ప్రవహించే కరెంటు. ఈ మార్పు చేసే చిన్న సర్క్యూట్‌ను డ్రైవర్ అంటారు. చాలా డ్రైవర్లలో కరెంటు ఎగుడుదిగుళ్లను సర్దే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఒకటి ఉంటుంది; దాని లోపలి ద్రవం వేడికి క్రమంగా ఆవిరవుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుందన్నది ఇంజనీర్లు పాటించే లెక్క. చచ్చిపోయే ముందు కొన్ని బల్బులు కొన్నాళ్లపాటు మినుకుమినుకుమనడానికి ఒక ముఖ్య కారణం ఈ ఎండిపోవడమే. చవక బల్బుల్లో డ్రైవర్‌ను చిప్‌లున్న అల్యూమినియం ప్లేటు మీదే అమర్చడంతో చిప్‌ల వేడి డ్రైవర్‌కూ, డ్రైవర్ వేడి చిప్‌లకూ తోడవుతుంది. పైగా చిప్‌లు చాలా బల్బుల్లో వరుసగా, ఒకదాని వెనక ఒకటిగా కలిసి ఉంటాయి గనుక ఒక్కటి తెగినా బల్బంతా ఆరిపోతుంది. బల్బు పైమూత తీసి చూస్తే ఆ చిప్ మీద నల్లటి చుక్క కనిపిస్తుంది.

అన్నిటికీ మూలం వేడి. గుండు బల్బు తన వేడిని కిరణాల రూపంలో బయటికి వెదజల్లి వదిలించుకునేది. ఎల్‌ఈడీ వేడి మాత్రం ప్లేటులోకీ, డొల్లలోకీ పాకి గాలిలో కలవాలి. అందువల్ల గాజు గుండ్లలోనో, గాలి ఆడని సీలింగు ఫిట్టింగుల్లోనో బిగించిన బల్బు తన వేడిలో తానే ఉడుకుతుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల వేసవిలో బయటే 45 డిగ్రీలు దాటినప్పుడు, మూసిన ఫిట్టింగులోని డ్రైవర్ ఎంత వేడిలో పనిచేస్తుందో ఊహించవచ్చు.

బాగా తయారుచేస్తే ఈ బల్బు ఎంత నిలుస్తుందో చూపే ఆధారం ఉంది. అమెరికా ఇంధన శాఖ ఎల్ ప్రైజ్ పోటీలో 60 వాట్ల గుండు బల్బుకు ప్రత్యామ్నాయంగా 2011లో నెగ్గిన ఫిలిప్స్ బల్బులను 200 తీసుకుని 45 డిగ్రీల వేడిలో పరీక్షిస్తే, 25,000 గంటల తర్వాత కూడా సగటు వెలుగు దాదాపు తగ్గలేదు. అప్పట్లో అది చాలా ఖరీదైన బల్బు. భారతదేశంలో ఇళ్లకు చవకగా ఎల్‌ఈడీ బల్బులు అందించిన ఉజాలా పథకం కోసం ప్రభుత్వ రంగ ఈఈఎస్‌ఎల్ సంస్థ 2014లో బల్బును 310 రూపాయలకు కొనగా, 2016 నాటికి ఆ ధర 38 రూపాయలకు దిగింది. చిప్‌లు మెరుగుపడటం, ఉత్పత్తి విస్తరించడం ఇందుకు ముఖ్య కారణాలు. కోట్లాది ఇళ్లకు తక్కువ ఖర్చుతో వెలుగు చేరింది, అది చిన్న మేలు కాదు. కానీ బహిరంగ మార్కెట్లో ధర కోసం సాగిన పోటీలో కొందరు అల్యూమినియాన్ని పలచన చేసి, తక్కువ చిప్‌లలో ఎక్కువ కరెంటు పారించి అదే వెలుగు రాబట్టారు. దీనికి ఎదురుదారి కూడా ఉంది: దుబాయ్ మున్సిపాలిటీ కోసం ఫిలిప్స్ 2016లో తెచ్చిన బల్బులో ఎక్కువ చిప్‌లను తక్కువ కరెంటుతో వెలిగించి, వాటుకు 200 ల్యూమెన్ల వెలుగు సాధించారు. ల్యూమెన్ అంటే వెలుగు పరిమాణానికి కొలమానం. మన దగ్గరి మామూలు 9 వాట్ల బల్బు వాటుకు సుమారు వంద ఇస్తుంది.

సరఫరా తీరు కూడా ఆయుష్షును కత్తిరిస్తుంది. త్రీఫేజ్ లైన్‌లో న్యూట్రల్ తీగ తెగితే ఒక ఇంటికి 230కి బదులు 400 వోల్టులకు దగ్గరగా కూడా రావచ్చు. పిడుగుల వేళ వచ్చే క్షణికమైన ఉప్పెన డ్రైవర్‌ను ఒక్క దెబ్బతో తీసేస్తుంది. ఈ ఉప్పెనను ఎంతవరకు తట్టుకుంటుందో కొన్ని బల్బుల పెట్టెల మీద కిలోవోల్టుల్లో రాస్తారు. పల్లెల్లో కొనేవారికి గంటల అంకె కంటే ఆ వివరమే ఎక్కువ పనికొస్తుంది.

కొనేటప్పుడు భారతీయ ప్రమాణాల సంస్థ ముద్రా, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్యా చూడటం అవసరమే గానీ, అవి ప్రధానంగా భద్రతకు హామీ. బల్బు మొత్తానికి తయారీదారు పూచీపడేది గ్యారంటీ కాలానికే కనుక, బిల్లు దాచుకోవడం, మూసిన ఫిట్టింగుకు తక్కువ వాట్ల బల్బు ఎంచుకోవడం మంచిది. చిన్న పట్టణాల్లో మెకానిక్‌లు కొత్త ప్లేటు వేసి పాత బల్బును మళ్లీ వెలిగిస్తున్నారు. వ్యర్థాన్ని తగ్గించే ఈ పనికి గౌరవం దక్కాలి. ఇంట్లో ఎవరికి వారు ఆ నల్లచుక్క చిప్‌ను టంకంతో కలిపేయడం మాత్రం ప్రమాదకరం: చాలా బల్బుల్లో ఆ ప్లేటు మీది సర్క్యూట్‌కూ ఇంటి కరెంటుకూ మధ్య ఎలాంటి అడ్డూ ఉండదు, మిగిలిన చిప్‌లపై భారం పెరిగి అవీ త్వరగా మాడే అవకాశముంది.