సింహం కంటే ముందు పసుపు పుస్తకం

ఎడిటర్ అడిగింది సింహాన్ని. అట్ట మీద జూలు విదిల్చే మగసింహం, లోపల నాలుగు పేజీల ఆఫ్రికా సఫారీ, శుక్రవారం సాయంత్రానికల్లా. రాజమౌళి 2025 సెప్టెంబరులో మహేశ్‌బాబు సినిమా షూటింగ్ కోసం కెన్యా వెళ్లొచ్చినప్పటి నుంచి పత్రిక కన్ను ఆ దేశం మీదే ఉంది. ఫొటోలు, బ్రోచర్లు, ప్యాకేజీ కొటేషన్లు బల్ల నిండా గుట్టపడ్డాయి. వాటి మధ్యలోంచి విలేఖరిని పట్టుకుని వదలనిది మాత్రం చొక్కా జేబులో పట్టే ఒక పసుపురంగు పుస్తకం.

ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు ఇచ్చే అంతర్జాతీయ సర్టిఫికెట్ అది. దాని విలువ కెన్యాకు వెళ్లేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడు బాగా తెలుస్తుంది. మన దేశంలో ఎల్లో ఫీవర్ లేదు. దాన్ని మోసుకుతిరిగే ఏడిస్ దోమకు మాత్రం కొదవ లేదు. మనకు డెంగీ అంటించేదీ అదే. వైరస్ ఒక్క ప్రయాణికుడి ఒంట్లో ఇక్కడ దిగితే చాలు, మిగతా పని మన పూలకుండీల కింది నీళ్లు చూసుకుంటాయి. అందుకే విమానాశ్రయంలో ఆరోగ్యాధికారి మొహమాటానికి పోడు. కెన్యా లాంటి ఎల్లో ఫీవర్ ఉన్న దేశం వదిలి ఆరు రోజులు గడవకుండా సర్టిఫికెట్ లేకుండా దిగినవారిని, ఆ ఆరు రోజులూ పూర్తయ్యేదాకా క్వారంటైన్‌లో ఉంచే అధికారం అతనికుంది.

చిక్కంతా తేదీల దగ్గరే. సూది వేయించుకున్న రోజే సర్టిఫికెట్ చేతికొస్తుంది కానీ, అది చెల్లేది పది రోజుల తర్వాతే. పైగా ఈ టీకా వీధి చివరి క్లినిక్‌లో దొరకదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్. ఒక సీసాలో పలువురికి సరిపడా మందు ఉంటుంది, మూత తీస్తే ఆరు గంటల్లో వాడేయాలి. అందుకే చాలా కేంద్రాలు వారంలో కొన్ని రోజులే జనాన్ని పిలిచి ఒకేసారి వేస్తాయి. విమానం టికెట్ కొన్నాక వారం ముందు టీకా గుర్తొచ్చినవాడికి లెక్క ఎటు కూడినా కుదరదు.

ఇక పేరు. మన ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగా విడమరిచి ఉంటుంది. ఫారంలో మాత్రం అలవాటుకొద్దీ ‘కె.వి.ఎస్.రావు’ అని రాసేస్తాం. పుస్తకంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా పడాలి. పాస్‌పోర్టు నంబరు, టీకా బ్యాచ్ నంబరు, కేంద్రం ముద్ర, డాక్టరు సంతకం, మన సంతకం అన్నీ ఉన్నాయో లేదో కౌంటరు దగ్గరే చూసుకోవాలి. కొట్టివేతలున్నా, ఒక గడి ఖాళీగా ఉన్నా సర్టిఫికెట్ చెల్లకపోవచ్చని దాని మీదే అచ్చయి ఉంటుంది. ఇంట్లో పాత పుస్తకం ఉండి, దాని గడువు పదేళ్లేనని రాసి ఉంటే దిగులుపడక్కర్లేదు. 2016 జులై 11 నుంచి ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది.

అన్నిటికంటే వింతైన చిక్కు పసిపిల్లలది. ఆరు నెలలలోపు బిడ్డకు సర్టిఫికెట్ అక్కర్లేదంటుంది మన నిబంధన. మామూలుగా టీకా వేసేదేమో తొమ్మిది నెలలు నిండాకే. మరి ఏడో నెల బిడ్డ సంగతి? ఆ ప్రయాణం మూణ్ణెల్లు వాయిదా వేసుకోవడమే దారి. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా, గుడ్లలో పెంచి తయారు చేస్తారు. కాబట్టి గుడ్డు పడనివారు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గినవారు, మొదటిసారి వేయించుకుంటున్న అరవై దాటినవారు ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. అమ్మానాన్నల షష్టిపూర్తి కానుకగా సఫారీ బుక్ చేసే పిల్లలు ఈ మాట ఇంకోసారి చదువుకోవడం మంచిది.

దక్షిణాఫ్రికాకు వెళ్లేవారు ఇదంతా తమకు కాదనుకుంటారు. ఆడిస్ అబాబా మీదుగానో నైరోబీ మీదుగానో వెళితే వారికీ వర్తించవచ్చు. మధ్యలో విమానాశ్రయం దాటకుండా ఉంటే మన దగ్గర మినహాయింపు ఉంది, అదీ ఆరోగ్యాధికారి ఒప్పుకుంటేనే. ఆడిస్‌లో ఒక రాత్రి హోటల్లో పడుకుంటే ఆ మినహాయింపు పోయినట్టే. దక్షిణాఫ్రికా కూడా ఎల్లో ఫీవర్ ఉన్న దేశంలో పన్నెండు గంటలు మించి ఆగి వచ్చినవారిని ఈ పుస్తకం అడుగుతుంది.

చరిత్ర గబగబా: 1927లో ఘనాకు చెందిన అసీబీ అనే రోగి రక్తం నుంచి వైరస్‌ను వేరు చేశారు. అతను కోలుకున్నాడు. ఆ వైరస్‌నే బలహీనపరిచి 1937లో మాక్స్ థైలర్ బృందం టీకా చేసింది, 1951లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఇప్పటికీ వేసేది ఆ వంశపు టీకానే. ఇక ‘సఫారీ’ అంటే స్వాహిలీలో ప్రయాణం. హైదరాబాద్ ఉర్దూలోని ‘సఫర్’కు చుట్టం, ఇద్దరి పుట్టిల్లూ అరబ్బీయే. 1909లో అమెరికా మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ తుపాకీతో వెళ్లిన సఫారీ 1977లో కెన్యా వేటను నిషేధించాక కెమెరా సఫారీగా మారింది.

పసుపు పుస్తకం తర్వాత జాగ్రత్తగా చదవాల్సింది ప్యాకేజీ కొటేషన్‌లో కింద చిన్న అక్షరాల్లో ఉండే వరుస: ‘పార్కు ఫీజులు అదనం’. మాసై మారా నేషనల్ రిజర్వ్‌లో 2024 జులై నుంచి విదేశీ పెద్దలకు జులై–డిసెంబరు మధ్య రోజుకు 200 డాలర్లు, జనవరి–జూన్‌లో 100. టికెట్ ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే. ‘రెండు రాత్రులు, మూడు పగళ్లు’ అన్న ప్యాకేజీలో బస గేటు బయట అనుకుందాం. మూడు రోజులూ లోపలికి వెళితే ఆగస్టులో మనిషికి 600 డాలర్లు కేవలం గేటు దగ్గరే. పైగా నైరోబీ నుంచి రోడ్డు మీద అయిదారు గంటల ప్రయాణం. మొదటి రోజు సగం, మూడో రోజు సగం జీపులోనే గడిచిపోతాయి. మూడు పగళ్లని అచ్చేసినా అడవికి మిగిలేది రెండే.

‘వలస గ్యారంటీ’ అని రాసిన బ్రోచరు మీదా కొంచెం అనుమానం మంచిది. జులై నుంచి అక్టోబరు దాకా విల్డ్‌బీస్ట్ మందలు మారా నది దాటే మాట నిజమే. ఏ రోజు, ఏ గంటకు అన్నది మందకే తెలియదు. ఒడ్డుదాకా వచ్చి, గంటల తరబడి నిలబడి, వెనక్కి తిరిగిపోతాయి. అవతల వరుసకట్టిన జీపుల సంఖ్య చూసి అయినా తిరిగిపోవచ్చు. గొడవలేని అడవి కావాలంటే రిజర్వ్ చుట్టూ మాసై తెగవారు తమ భూములను కౌలుకిచ్చిన నబోయిషో వంటి కన్జర్వెన్సీలున్నాయి. ఖర్చు ఎక్కువ, జీపులు తక్కువ.

బాక్స్ 1: వీసా లేదు, అనుమతి ఉంది

2024 జనవరి నుంచి కెన్యాకు వీసా అక్కర్లేదు. ఆ మాట సగమే నిజం. ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి చిన్నపిల్లలతో సహా అందరికీ కావాలి. మ్యాపులో మారా, సెరెంగెటి ఒకే గడ్డి మైదానంలా కనిపిస్తాయి. మధ్యలో టాంజానియా సరిహద్దు ఉంది, దానికి వేరే వీసా. అక్కడి శాండ్ రివర్ గేటు 1977 నుంచి పర్యాటకులకు మూసే ఉంది. జంతువులు నేరుగా దాటుతాయి, మనుషులు ఇసెబానియా మీదుగా చుట్టి వెళ్లాలి.

బాక్స్ 2: సంచిలో ఏముండాలి, ఏముండకూడదు

నైరోబీ విల్సన్ విమానాశ్రయం నుంచి మారాకు ఎగిరే చిన్న విమానాల్లో సాధారణంగా మనిషికి 15 కిలోలే, అదీ మెత్తటి సంచిలో. చక్రాల సూట్‌కేసు నైరోబీలో వదిలేయాల్సిందే. ఆవకాయ సీసా కూడా ఆ పదిహేను కిలోల్లోకే వస్తుంది. ప్లాస్టిక్ క్యారీబ్యాగులను కెన్యా 2017 ఆగస్టులోనే నిషేధించింది. అమ్మ పొడులు పాలిథిన్ కవర్లలో కట్టిస్తే డబ్బాల్లోకి మార్చుకోవాలి. ముదురు నీలం, నలుపు బట్టలకు సెట్సీ ఈగలు ముసురుతాయి. మారా సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైన ఉంటుంది. ఆఫ్రికా అంటే మండే ఎండలని పల్చటి చొక్కాలు సర్దుకున్నవారు జులై తెల్లవారుజామున ఆరింటికి పైకప్పు తెరిచిన జీపులో, హోటల్ దుప్పటి కప్పుకుని సింహాన్ని చూస్తారు.